కూలి అడిగితే జట్టు ద్రోహమా?

2025 జనవరి 5న అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ ఆటకు దిగలేదు. దిగి ఇంకో 101 గజాలు పరిగెత్తి ఉంటే, ఎరిక్ డికర్సన్ పేరిట 1984 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న, ఒకే సీజన్లో 2,105 గజాల పరుగు రికార్డు అతనిదయ్యేది. ఆ సీజన్‌లో అతని సగటు ఆటకు 125 గజాలు. ఎదుట ఉన్నది న్యూయార్క్ జెయింట్స్. ఆ ఏడు మొత్తం మీద మూడంటే మూడే ఆటలు గెలిచిన జట్టు, పైగా తనను వదులుకున్న పాత జట్టు. కానీ ప్లేఆఫ్స్‌లో ఈగల్స్ స్థానం అప్పటికే ఖాయమైపోయింది. ముఖ్యమైన ఆటగాళ్లకు విశ్రాంతి ఇద్దామని కోచ్ నిక్ సిరియానీ అనుకున్నాడు, బార్క్‌లీ సరేనన్నాడు. రెండో వరుస ఆటగాళ్లతోనే ఈగల్స్ 20-13తో గెలిచింది. అయిదు వారాల తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్‌ను 40-22తో ఓడించి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఎత్తుకుంది.

దీన్ని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకుంటాను. నా పేచీ ఆ మెప్పుతో కాదు, మెప్పు వెనకాలే తోకలా వచ్చే మాటతో. జట్టు మనిషంటే ఇలా ఉండాలి, కాంట్రాక్టు కోసం శిక్షణ శిబిరానికి రానని మొరాయించేవాళ్లు ఇతన్ని చూసి బుద్ధి తెచ్చుకోవాలి అనే మాట. అమెరికా టీవీ చర్చల్లో, రేడియోలో ఈ మాట ఎన్నేళ్లుగానో నడుస్తోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు చేరే మన తెలుగువాళ్ల నోటా అదే వినిపిస్తుంది. రికార్డు వదులుకున్నవాడు నిస్వార్థపరుడు, జీతం అడిగినవాడు స్వార్థపరుడు. ఈ రెండు ముద్రలనూ ఒకే కొలతతో వేస్తున్నారు. ఆ కొలతే తప్పని నా వాదం.

అంతకు పది నెలల ముందు ఇదే బార్క్‌లీని ఏమన్నారో గుర్తుచేసుకుందాం. 2018లో జెయింట్స్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో అతన్ని మొత్తం మీద రెండోవాడిగా తీసుకుంది. మొదటి ఏడే పరుగులో, క్యాచుల్లో కలిపి 2,028 గజాలు తెచ్చాడు. 2020లో మోకాలి లిగమెంటు తెగింది, కోలుకుని వచ్చాడు. 2023లో దీర్ఘకాలపు ఒప్పందం అడిగితే కుదరలేదు. ఒక్క ఏడాది కాగితం మీదే సంతకం చేసి, శిబిరంలో ఒక్క రోజు కూడా ఎగ్గొట్టకుండా ఆడాడు. 2024 మార్చిలో స్వేచ్ఛ దొరకగానే ఫిలడెల్ఫియా మూడేళ్లకు 3 కోట్ల 77 లక్షల డాలర్లు ఇస్తానంది, వెళ్లాడు. వెంటనే ద్రోహి అయిపోయాడు. అతని జెర్సీలు తగలబెట్టారు. జెయింట్స్ పాత రన్నింగ్ బ్యాక్ టికీ బార్బర్ అయితే, ఇక నా దృష్టిలో నువ్వు చచ్చినవాడితో సమానమన్న అర్థంలో రేడియోలోనే మాట్లాడాడు.

మనిషి ఒక్కడే. మార్చిలో ద్రోహి, జనవరిలో ఆదర్శం. ఈ పది నెలల్లో అతని గుణమేమన్నా మారిందా? మారలేదు. మార్చిలో అతను యాజమాన్యంతో బేరమాడాడు, జనవరిలో జట్టు కోసం తగ్గాడు. ఈ రెండూ వేరు వేరు సంగతులని ఒప్పుకోకపోవడం వల్లే ఒకే మనిషికి రెండు పేర్లు పెట్టాల్సి వచ్చింది. జట్టంటే పక్కన నిలబడి దెబ్బలు తినేవాళ్లు. యాజమాన్యమంటే చెక్కు రాసేవాళ్లు. ఈ రెంటినీ కలిపేసి, చెక్కు రాసేవాడికి ఇబ్బంది కలిగిస్తే జట్టుకు ద్రోహం చేసినట్టేనని చెప్పడం ఎవరికి లాభమో ఆలోచిస్తే తేలిగ్గానే తెలుస్తుంది.

రన్నింగ్ బ్యాక్ నిస్వార్థాన్ని చూడాలంటే ఎక్కడ చూడాలి? ఈ ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోలబంతిని చంకలో పెట్టుకుని గుంపులోంచి చీల్చుకుపోయేవాడు రన్నింగ్ బ్యాక్. కెమెరా అతని వెంట పోయేది అప్పుడే. కానీ ప్రతిసారీ బంతి అతని చేతికి రాదు. క్వార్టర్‌బ్యాక్ బంతిని దూరంగా విసరాలనుకున్నప్పుడు రన్నింగ్ బ్యాక్ పని కాపలా. విసరడానికి క్వార్టర్‌బ్యాక్‌కు దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. అతని కళ్లు దూరంగా పరిగెడుతున్న సహచరుల మీద ఉంటాయి, తన మీదికి ఎవరొస్తున్నారో అతనికి కనపడదు. సరిగ్గా అప్పుడు వరుసలో సందు చూసుకుని ప్రత్యర్థి జట్టులోని నూటపది కిలోల లైన్‌బ్యాకర్ పరుగున వస్తాడు. ఆ వచ్చేవాడు ఏ సందులోంచి వస్తాడో రన్నింగ్ బ్యాక్ బంతి కదలక ముందే పసిగట్టాలి. ముందు లోపలి సందు చూడాలి, అక్కడ ఎవరూ లేకపోతేనే బయటికి చూడాలి, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్‌కు దగ్గరి దారి లోపలిదే. చూసి, ఒక అడుగు ముందుకు వేసి, మోకాళ్లు వంచి, తనకంటే బరువైనవాణ్ణి ఛాతీతో ఢీకొట్టాలి. పరిగెత్తి వచ్చేవాడి ఊపంతా నిలబడి ఉన్నవాడి మీద పడుతుంది. ఈ పనికి గజాలు రాయరు. మర్నాడు పత్రికలో అంకె రాదు. ఒక్కసారి తప్పితే మాత్రం క్వార్టర్‌బ్యాక్ స్ట్రెచర్ మీద పోతాడు.

నేను రన్నింగ్ బ్యాక్ ఎలాంటివాడో చూడాలనుకుంటే ఇక్కడే చూస్తాను. అతని ఏజెంటు ఏం అడిగాడన్నది నాకు అక్కర్లేదు.

ఈ పనిలో వాల్టర్ పేటన్‌ను మించినవాళ్లు తక్కువ. 1975 నుంచి 1987 దాకా షికాగో బేర్స్‌కు 13 సీజన్లు ఆడి, మొత్తం మీద ఒకే ఒక్క ఆట తప్పిపోయాడు, అదీ మొదటి ఏడే. 16,726 గజాలు పరిగెత్తాడు. అవసరమైతే బంతి విసిరేవాడు, ఎనిమిది టచ్‌డౌన్‌లు అలా వచ్చాయి. బంతి లేనప్పుడు లైన్‌బ్యాకర్ల మీదికి తానే ఎదురెళ్లేవాడు. ఇలాంటివాడి కథలో జనం ఎప్పుడూ ఎత్తే ఘట్టం 1986 జనవరి 26. సూపర్ బౌల్‌లో బేర్స్ న్యూ ఇంగ్లండ్‌ను 46-10తో చిత్తుచేసింది. పేటన్ 22 సార్లు బంతి మోశాడు, 61 గజాలు వచ్చాయి, టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. ప్రత్యర్థులు ప్రతిసారీ ఇద్దరు ముగ్గుర్ని అతని మీదే పెట్టారు, దాంతో మిగతావాళ్లకు దారి దొరికింది. మూడో క్వార్టర్‌లో టచ్‌డౌన్ గీతకు గజం దూరంలో బంతి ఉంటే, దాన్ని విలియం పెరీ అనే స్థూలకాయుడైన డిఫెన్స్ ఆటగాడికి ఇచ్చారు. జనానికి వినోదం. పదకొండేళ్లు ఆ జట్టును మోసినవాడికి ఆ ఒక్క గజం దక్కలేదు. ఆట అయ్యాక పేటన్ బాధపడ్డాడు, మనుషులకు దూరంగా వెళ్లి కూర్చున్నాడు. ఆ బంతి పేటన్‌కు ఇవ్వకపోవడం తన తప్పేనని కోచ్ మైక్ డిట్కా తర్వాతి కాలంలో చాలాసార్లు ఒప్పుకున్నాడు.

ఇంత పెద్ద విజయం నాడు కూడా తన టచ్‌డౌన్ గురించే ఏడ్చాడా అని అప్పుడు కొందరు ముక్కు విరిచారు, ఇప్పటికీ విరుస్తారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గంట ఆటలో పేటన్ ఏం చేశాడు? తన మీదికి ముగ్గురొస్తున్నారని తెలిసి, బంతి రాకపోయినా వచ్చినట్టు నటిస్తూ వాళ్ల కిందే నలిగాడు. అలిగి పక్కకు నిలబడలేదు, కోచ్ మీద అరవలేదు. ఆట ముగిసిన తర్వాత గదిలో కలిగిన బాధకు కూడా జట్టు లెక్క చెప్పమంటే ఎలా? ఏమీ కోరుకోనివాడు వదులుకోవడంలో గొప్ప ఏముంది? కోరిక ఉండి, అది పక్కవాడికి పోతుంటే తన కాళ్లతోనే దానికి దారి తీసినవాడు పేటన్. ఆ బాధ అతని నిస్వార్థానికి మచ్చ కాదు, దాని ఖరీదు ఎంతో చెప్పే ఆధారం.

ఇక జీతం అడిగితే జట్టు పాడవుతుందనే వాదానికి వస్తాను. దీనికి నా దగ్గరున్న జవాబు 1993 నాటి డాలస్ కౌబాయ్స్. వాళ్ల రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్ 1991లోనూ 1992లోనూ లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తాడు. 1992 సీజన్ చివర డాలస్ సూపర్ బౌల్ గెలిచింది. ఆ ఏడు అతని జీతం అయిదు లక్షల డాలర్లకు లోపే. ఒప్పందం ముగిసింది. తన స్థాయికి తగిన జీతం అడిగాడు. యజమాని జెరీ జోన్స్ బిగిసి కూర్చున్నాడు. స్మిత్ శిబిరానికి రాలేదు. సీజన్ మొదలైంది, అయినా రాలేదు. పత్రికలు ఇద్దరినీ తిట్టాయి.

మొదటి ఆటలో వాషింగ్టన్ చేతిలో 35-16తో, రెండో ఆటలో సొంత మైదానంలోనే బఫలో చేతిలో 13-10తో డాలస్ ఓడింది. స్మిత్ చోటులో ఆడింది ఆ ఏడే వచ్చిన కుర్రాడు. బఫలో ఆట అయ్యాక డ్రెస్సింగ్ రూములో డిఫెన్స్ ఆటగాడు చార్ల్స్ హేలీ తన హెల్మెట్ తీసి గోడకేసి విసిరికొట్టాడు, గోడకు చిల్లు పడింది. అతని కోపం స్మిత్ మీద కాదు. స్మిత్‌కు డబ్బివ్వని యజమాని మీద. జట్టుకు ద్రోహం చేశాడని బయటివాళ్లు అంటున్నవాడి గురించి జట్టులోనివాళ్లు ఏమనుకుంటున్నారో ఆ గోడ చెప్పింది. నాలుగు రోజులు తిరక్కుండానే నాలుగేళ్లకు 1 కోటి 36 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది.

తర్వాత ఏమైందో అందరికీ తెలిసిన చరిత్రే, అయినా స్వార్థం గురించి మాట్లాడేటప్పుడు ఎందుకో ఎవరూ ఎత్తరు. 1994 జనవరి 2, సీజన్ చివరి ఆట, జెయింట్స్ మైదానంలో. గెలిచినవాళ్లకు డివిజన్, దాంతోపాటు ప్లేఆఫ్స్ మొదటి వారం విశ్రాంతి. రెండో క్వార్టర్ చివర్లో స్మిత్ 46 గజాల పరుగు తీసి కింద పడ్డాడు. కుడి భుజం కీలు విడిపోయింది. అలాంటి భుజంతో చెయ్యి ఎత్తడమే కష్టం, బంతి పట్టుకుని మనుషుల్లోకి దూరడం మామూలువాడి పని కాదు. భుజం మీద అదనంగా ప్యాడ్ కట్టుకుని రెండో సగమూ ఆడాడు, ఆట సమమైతే అదనపు సమయమూ ఆడాడు. పడిన ప్రతిసారీ సొంతంగా లేవలేక, ముందు వరుసలో అడ్డుగా నిలిచే లైన్‌మెన్ చేయందిస్తే లేచాడు. ఆ రోజు మొత్తం 32 సార్లు బంతి మోశాడు, 10 క్యాచులు పట్టాడు, 229 గజాలు తెచ్చాడు. డాలస్ 16-13తో గెలిచింది. నాలుగు వారాలకు బఫలోనే 30-13తో ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. మొదటి రెండు ఆటలూ ఓడిన జట్టు సూపర్ బౌల్ గెలవడం అదే మొదటిసారి. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు స్మిత్, ఫైనల్లో అత్యుత్తమ ఆటగాడూ స్మిత్. రెండు ఆటలు ఆడకపోయినా ఆ ఏడూ గజాల్లో మొదటివాడు అతనే.

సెప్టెంబరులో జీతం కోసం ఇంట్లో కూర్చున్నవాడూ, జనవరిలో కీలు విడిపోయిన భుజంతో పదిమంది కోసం నిలబడ్డవాడూ ఒకే మనిషి. మీ కొలతలో ఇతన్ని ఏ గడిలో వేస్తారు? నాకైతే ఇందులో వైరుధ్యమేమీ కనపడదు. నూర్పిళ్లయ్యాక కల్లంలో నిలబడి కూలి అడిగినవాణ్ణి పొలానికి ద్రోహం చేశాడని మన ఊళ్లల్లో ఎవరూ అనరు. అడగాల్సినవాణ్ణి అడగాల్సిన చోట అడిగాడంటారు. తర్వాత పదిహేడేళ్లకు హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద స్మిత్ కన్నీళ్లు పెట్టుకుంటూ గుర్తుచేసుకున్నది తనకు ముందు నడిచి దారి చేసిన డారిల్ జాన్‌స్టన్‌ను. నువ్వు లేకపోతే నేను లేనన్న అర్థంలో అతని వంక తిరిగి మాట్లాడాడు. జట్టంటే అతనికి ఎవరో అక్కడ తెలుస్తుంది.

రన్నింగ్ బ్యాక్‌లు ఎందుకింత పంతం పడతారో తెలియాలంటే ఈ ఉద్యోగం లెక్క తెలియాలి. హైస్కూలు అయ్యాక మూడేళ్లు గడిస్తే గానీ ఎవరూ ఈ లీగ్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగు పెట్టకూడదు. ఆ మూడేళ్లూ కాలేజీలో దెబ్బలు తినాలి. డ్రాఫ్టులో ఎవరు పిలిస్తే వాళ్లకే ఆడాలి. మొదటి ఒప్పందం నాలుగేళ్లు, 2011 నుంచి ఆ జీతాల పట్టిక ముందే ఖరారై ఉంటోంది, ఎంత గొప్పగా ఆడినా మూడు సీజన్లు పూర్తయ్యే దాకా మార్చమని అడిగే వీల్లేదు. మొదటి రౌండులో వచ్చినవాళ్లను అయిదో ఏడు కూడా అట్టిపెట్టుకునే హక్కు జట్టుకుంది. ఆ తర్వాతా వదలదలుచుకోకపోతే ఫ్రాంచైజ్ ట్యాగ్ అని ఒకటుంది. నిర్ణీత జీతానికి మరో ఏడాది కట్టేసుకోవచ్చు. 2023లో రన్నింగ్ బ్యాక్‌కు ఆ మొత్తం 1 కోటి 91 వేల డాలర్లు. చాలా డబ్బే, కాదనను. కానీ ఆ ఏడాది మోకాలు పోతే మరుసటి ఏడు సున్నా.

మిగతా స్థానాల్లోనివాళ్లకు ముప్పై దాటినా విలువ ఉంటుంది. రన్నింగ్ బ్యాక్ శరీరం ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదికే అరిగిపోతుందని జట్లే అంటాయి. అంటే ఇరవై ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా, ఒంట్లో సత్తువ ఉన్న కాలమంతా, పట్టిక జీతానికి వాడుకుంటారు. బేరమాడే హక్కు వచ్చేనాటికి నీ కాళ్లు అరిగాయి కదా అంటారు. రామ్స్ జట్టు టాడ్ గర్లీతో 2018లో పెద్ద ఒప్పందం చేసుకుంది, 2020 మార్చిలో వదిలేసింది. అప్పటికి అతనికి పాతికేళ్లు. మోకాలు సహకరించలేదు. ఆ ఏడాది అట్లాంటాకు ఆడాడు, అంతే. రన్నింగ్ బ్యాక్‌లకు డబ్బివ్వకూడదనడానికి గర్లీ పేరు చెబుతుంటారు. నేను అదే పేరు తిప్పి చెబుతాను. ఇంత త్వరగా ముగిసిపోయే పనిలో ఉన్నవాడు ముందుగా అడగక ఎప్పుడు అడుగుతాడు?

హ్యూస్టన్ ఆయిలర్స్‌కు ఆడిన ఎర్ల్ క్యాంబెల్‌ను గుర్తుచేసుకోండి. 1980లో ఒక్క సీజన్లో 373 సార్లు బంతి మోసి 1,934 గజాలు పరిగెత్తాడు. ఎదురొచ్చినవాణ్ణి తప్పించుకోవడం కాదు, ఢీకొట్టుకుంటూ పోవడం అతని తీరు. అభిమానులకు పండగ. తర్వాతి జీవితంలో వెన్నెముకకు ఆపరేషన్లు, వాకర్, చక్రాల కుర్చీ. జట్టు కోసం ఒళ్లు దాచుకోకపోవడమంటే ఇదీ. ఆ ఒంటికి వెల ఎంతో ఆ ఒళ్లున్నవాడు అడిగితే తప్పా?

టెరెల్ డేవిస్ సంగతి చెప్పకుండా ఈ ముచ్చట పూర్తి కాదు. 1995లో ఆరో రౌండులో, మొత్తం మీద 196వ వాడిగా డెన్వర్‌కు వచ్చాడు. 1998 జనవరి 25న సూపర్ బౌల్, అతను పుట్టిన సాన్ డియేగోలోనే. మొదటి క్వార్టర్ చివర్లో పార్శ్వపు నొప్పి వచ్చి చూపు ఆగిపోయింది. కోచ్ మైక్ షానహాన్ అతన్ని పిలిచి, ఒక్కసారి లోపలికి రావాలి, నువ్వు లేకపోతే బంతి నీకిస్తున్నట్టు మేం చేసే నటన వాళ్లు నమ్మరు అన్నాడు. చూపు లేకుండానే డేవిస్ వెళ్లి వరుసలో నిలబడ్డాడు, బంతి లేకుండానే గుంపులోకి దూకాడు. డిఫెన్స్ అంతా అతని మీద పడింది. క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే పక్కనుంచి నడిచినంత తేలిగ్గా గీత దాటాడు. చూపు తిరిగొచ్చాక రెండో సగంలో మళ్లీ ఆడి, మొత్తం 157 గజాలు, మూడు టచ్‌డౌన్‌లతో గెలిపించాడు. మరుసటి సీజన్లో 2,008 గజాలు. 1999 సీజన్ నాలుగో ఆటలో తమ క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి ప్రత్యర్థి చేతికి చిక్కితే, దాన్ని ఆపడానికి పరిగెత్తి మోకాలు పోగొట్టుకున్నాడు. ఆ బంతితో అతనికి సంబంధం లేదు. చూస్తూ నిలబడి ఉంటే ఎవరూ ఏమనేవాళ్లు కాదు. ఏడు సీజన్లతో ఆట ముగిసింది. చూపు లేకుండా అలా దిగడాన్ని ఇవాళ వైద్యులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఆటగాడి నిస్వార్థాన్ని ఎంత దూరం వాడుకోవచ్చో హద్దు లేని చోట, తన హద్దు తానే గీసుకునేవాణ్ణి స్వార్థపరుడనడం అన్యాయం.

అవతలి పక్షానికి ఒక గట్టి వాదం ఉంది, దాటవేయను. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రతి జట్టు జీతాల మొత్తానికీ పరిమితి ఉంది, 2024లో అది 25 కోట్ల 54 లక్షల డాలర్లు. ఒకడు ఎక్కువ తీసుకుంటే మిగతావాళ్లకు తగ్గుతుంది, కాబట్టి ఎక్కువ అడగడమంటే సహచరుల కంచంలోంచి తీసుకోవడమే అంటారు. వినడానికి బాగుంది. కానీ ఈ ప్రశ్న క్వార్టర్‌బ్యాక్‌ను ఎందుకు అడగరు? 2024 సెప్టెంబరులో డాలస్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఏడాదికి 6 కోట్ల డాలర్ల చొప్పున సంతకం చేశాడు. తెలివైన బేరమా కాదా అని చర్చించారు. స్వార్థపరుడా అనే మాట అంత జోరుగా వినపడలేదు. బార్క్‌లీ ఫిలడెల్ఫియాలో మొదట ఒప్పుకున్నది సగటున ఏడాదికి 1 కోటి 26 లక్షలు, పరిమితిలో సుమారు అయిదు శాతం. అది అతను మానుకుంటే లైన్‌మెన్ జీతం పెరిగేదని ఎక్కడా రాసి లేదు. మిగిలినదాన్ని ఎవరికివ్వాలో తేల్చేది యాజమాన్యమే. ఆ నిర్ణయం తమ చేతిలో పెట్టుకుని, లేమి బరువు మాత్రం ఆటగాడి మనస్సాక్షి మీద పెట్టడం నాకు నచ్చదు.

లేవియాన్ బెల్ సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 2018లో పిట్స్‌బర్గ్ అతని మీద వరుసగా రెండోసారి ట్యాగ్ వేసింది, 1 కోటి 45 లక్షల డాలర్లు. అంతకు ముందటి ఏడు అతను 321 సార్లు బంతి మోసి, 85 క్యాచులు పట్టాడు, లీగ్‌లో ఎవరికీ లేనంత చాకిరీ. సంతకం చెయ్యలేదు, సీజన్ మొత్తం రాలేదు. ఇక్కడ సహచరులు అతని పక్షాన నిలబడలేదు. లైన్‌మెన్ బాహాటంగానే తప్పుబట్టారు. నవంబరులో గడువు దాటగానే అతని అలమరలోని బూట్లు పంచుకున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. మొదటి వారానికల్లా వస్తాడని నమ్మారు. తన మనసులో ఏముందో దెబ్బలు పంచుకున్నవాళ్లకు ముందే చెప్పి ఉండాల్సింది, అది బెల్ లోపం. పైగా బేరమూ కలిసిరాలేదు. న్యూయార్క్ జెట్స్‌లో మునుపటి ఆట మళ్లీ కనపడలేదు, రెండో ఏడే పంపించేశారు. కానీ అతను ఏ ఒప్పందాన్నీ ఉల్లంఘించలేదు, ఎందుకంటే ఒప్పందమే లేదు. ఒళ్లు ఎవరికీ అమ్మకుండా ఒక ఏడాది ఇంట్లో ఉన్నాడు. బేరం చెడగొట్టుకున్నవాడంటే ఒప్పుకుంటాను. స్వార్థపరుడంటే ఒప్పుకోను.

బారీ శాండర్స్‌కు రెండు మాటలు చాలు. 1989లో, డెట్రాయిట్‌లో మొదటి ఏడే, చివరి ఆట చివర్లో ఇంకో పది గజాలు పరిగెత్తితే లీగ్‌లో మొదటి స్థానాన్ని పంచుకునేవాడు. ఆట గెలిచేశాం కదా, అక్కర్లేదన్నాడు. 1,470 దగ్గర ఆగాడు, క్రిస్టియన్ ఒకోయే 1,480తో గెలిచాడు. పదేళ్ల తర్వాత, పేటన్ రికార్డుకు 1,457 గజాల దూరంలో ఉండగా, ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. జట్టును నడివీధిలో వదిలేశాడని అతన్నే తిట్టారు. పది గజాలు వదులుకుంటే వినయం, 1,457 వదులుకుంటే స్వార్థం. తేడా ఒక్కటే, రెండోది యాజమాన్యానికి నష్టం.

ఈ కొలత మనదాకా ఎలా వచ్చిందో ఈగల్స్ రన్నింగ్ బ్యాక్ బ్రయన్ వెస్ట్‌బ్రుక్ ఉదంతంలో తెలుస్తుంది. 2007 డిసెంబరు 16, డాలస్‌లో ఈగల్స్ 10-6తో ముందుంది. రెండు నిమిషాల పైచిలుకు మిగిలింది, డాలస్ దగ్గర టైమ్‌అవుట్లు లేవు. వెస్ట్‌బ్రుక్‌కు దారి దొరికింది, ఎదుట ఎవరూ లేరు. గీతకు గజం దూరంలో ఆగి మోకాలు ఆన్చాడు. టచ్‌డౌన్ చేస్తే బంతి డాలస్‌కు వెళ్లేది, వాళ్లకు ఇంకో అవకాశం వచ్చేది. ఆగితే గడియారం తిరిగి ఆట ముగుస్తుంది. ముగిసింది. అలా ఆగాలని ముందే గుర్తుచేసింది లైన్‌మన్ జాన్ రన్యన్. జట్టు కోసం ఒక స్టార్ ఇంతకంటే శుభ్రంగా చేసిన పని నాకు తెలియదు. అది, ఆటగాళ్ల అంకెల మీద అభిమానులు తమలో తాము పోటీపడే ఫ్యాంటసీ లీగుల ప్లేఆఫ్స్ వారం. ఆ ఆరు పాయింట్లు రాక తమ పందేలు ఓడిన అభిమానులు దేశమంతటా వెస్ట్‌బ్రుక్ మీద మండిపడ్డారు.

డాలస్ శివార్లలో, న్యూజెర్సీలో, బే ఏరియాలో ఆఫీసు స్నేహితులతో కలిసి ఫ్యాంటసీ లీగులు నడిపే తెలుగు కుర్రాళ్లకు, పెద్దలకు నాదొక విన్నపం. వచ్చే ఆగస్టులో ఎవరో ఒక రన్నింగ్ బ్యాక్ కాంట్రాక్టు కోసం శిబిరానికి రాడు. టీవీలో అతన్ని స్వార్థపరుడంటారు. మీ జాబితాలో అతని పేరుంటే మీకూ చిరాకేస్తుంది. ఆ మాట మీ నోట రాకముందు కిందటి సీజన్ ఆట ఒకటి పెట్టుకుని, బంతి అతని చేతిలో లేని సందర్భాలు ఓ ఇరవై చూడండి. క్వార్టర్‌బ్యాక్ ముందు అతను ఎవరికి అడ్డం నిలబడుతున్నాడో, ఎవరి దెబ్బ తను తింటున్నాడో చూడండి. అక్కడ తప్పుకుంటున్నాడని తేలితే స్వార్థపరుడనండి, మీతో కలిసి నేనూ అంటాను. అక్కడ నిలబడుతున్నాడంటే మాత్రం అతని జీతం సంగతి అతనికీ యజమానికీ వదిలేయండి.